జడ్జి వాప్నర్ చేసిన పంచాయితీ

శ్రోతలకు నమస్కారం.

డ్రైక్లీనింగుకు ఇచ్చిన కోటు పాడైంది. ఇల్లు ఖాళీ చేసినా ఓనరు అడ్వాన్సు తిరిగివ్వలేదు. పక్కింటివాళ్ల కుక్క కరిచింది. ఇలాంటి వాటికి లాయరును పెట్టుకుంటే వచ్చేదానికన్నా పోయేదే ఎక్కువ. పోనీలే అని వదిలేద్దామంటే మనసు ఒప్పుకోదు. అమెరికాలో ఇటువంటి తగాదాలను పన్నెండేళ్లపాటు టీవీలో కూర్చుని తీర్చిన ఒక పెద్దాయన గురించి ఈరోజు చెబుతాను. ఆయన పేరు జోసెఫ్ వాప్నర్.

1919లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టారు. తండ్రి లాయరు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫిలిప్పీన్స్‌లోని సెబూ దీవిలో పోరాడి గాయపడ్డారు, పతకాలు అందుకున్నారు. తిరిగొచ్చి 1948లో లా పట్టా తీసుకున్నారు. 1959లో మునిసిపల్ కోర్టు జడ్జి అయ్యారు, మరో రెండేళ్లకు సుపీరియర్ కోర్టుకు వెళ్లారు. ఇరవై ఏళ్లు బెంచి మీద కూర్చుని 1979లో రిటైరయ్యారు. మామూలుగా అయితే ఆయన కథ అక్కడితో అయిపోవాలి.

1981లో ‘ద పీపుల్స్ కోర్ట్’ అనే టీవీ కార్యక్రమం ఆయనతో మొదలైంది. అప్పటికి ఆయనకు 61 ఏళ్లు. అది నాటకం కాదు. వచ్చినవాళ్లు నటులు కారు, గొడవలు కల్పితాలు కావు. కార్యక్రమం సిబ్బంది స్మాల్ క్లెయిమ్స్ కోర్టుల్లో, అంటే చిన్న మొత్తాల తగాదాలు వినే కోర్టుల్లో, దాఖలైన కేసులు వెతికేవారు. మొదట్లో అక్కడ పరిమితి 1,500 డాలర్లు. వాది, ప్రతివాది ఇద్దరూ సరేనంటే కోర్టులో కేసు వెనక్కి తీసుకుని, ‘ఈయన ఏం చెబితే దానికి కట్టుబడతాం’ అని సంతకం పెట్టేవారు. నల్లగౌను వేసుకున్నా, సెట్ మీద కూర్చున్న వాప్నర్ చట్టం దృష్టిలో జడ్జి కాదు, మధ్యవర్తి. ఆయన మాటకు ఆ బలం ఎదురుగా నిలబడ్డ ఇద్దరి సంతకాల వల్లే వచ్చింది. మన ఊళ్లలో పెద్దమనుషుల ముందు కూర్చునేటప్పుడు ‘మీ మాట దాటం’ అని ఒప్పుకున్నట్టే. కాకపోతే అక్కడ ఒప్పందం కాగితం మీద ఉంది, ఆ కాగితానికి చట్టంలో విలువ ఉంది.

ఇంకో విశేషం, తీర్పు ప్రకారం చెల్లించాల్సిన డబ్బు నిర్మాతలే ఇచ్చేవారు. మరి ఓడినవాళ్లకు పోయేదేముంది అనిపిస్తుంది. పరువు. ఎవరిది న్యాయమో దేశమంతా చూస్తుండగా తేలేది. డబ్బు కంటే దానికే జనం ఎక్కువ విలువ ఇచ్చారని నేను నమ్ముతాను.

ఇక ఆయన తీరు. రసీదులు, ఫొటోలు తీసుకుని శ్రద్ధగా చూసేవారు. అడ్డంగా మాట్లాడితే గట్టిగానే ఆపేవారు. అంతా విన్నాక లోపలికి వెళ్లి కాసేపాగి వచ్చి తీర్పు చెప్పేవారు, ఎందుకలా చెబుతున్నారో కూడా చెప్పేవారు. ఓ మూడొందల డాలర్ల గొడవకు కూడా అంత ఓపిక! 1989లో వాషింగ్టన్ పోస్ట్ చేసిన సర్వేలో ఆయన పేరు 54 శాతం మంది చెప్పగలిగారు. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి రెన్‌క్విస్ట్ పేరు చెప్పినవాళ్లు 9 శాతం.

1993లో ఆయన కార్యక్రమం ఆగింది. 1996లో న్యూయార్క్ ఫ్యామిలీ కోర్టు మాజీ జడ్జి జూడీ షైండ్లిన్ తన షోతో వచ్చారు. విసురు, వెటకారం, కోపం. డబ్బు, పేరు ఆమెకు చాలా ఎక్కువే వచ్చాయి. జడ్జి ప్రవర్తించాల్సిన పద్ధతి అది కాదని వాప్నర్ బాహాటంగానే అన్నారు. నా ఓటు కూడా ఆయనకే. తప్పు చేసినవాడైనా సరే, న్యాయం అడగడానికి వచ్చిన మనిషిని నవ్వులపాలు చేయకూడదు.

ఆయన 2017లో, 97 ఏళ్ల వయసులో కన్నుమూశారు. కొడుకు ఫ్రెడ్ కూడా లాస్ ఏంజెలెస్‌లో జడ్జి అయ్యారు.

మన దగ్గర 2008లో స్టార్ ప్లస్‌లో కిరణ్ బేడీ ఇలాగే తగాదాలు విన్నారు. అయితే మీకు నిజంగా ఇటువంటి గొడవ ఉంటే టీవీ దాకా వెళ్లనక్కర్లేదు. లోక్ అదాలత్ ఉంది. ఇంకా కేసు వేయని తగాదాను కూడా అక్కడికి తీసుకెళ్లవచ్చు. కోర్టు ఫీజు ఉండదు. ఇద్దరూ రాజీపడితే వచ్చే అవార్డు, అంటే అక్కడి తీర్పు, సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి ఒక అర్జీ ఇవ్వండి. రసీదులు, కాగితాలు జాగ్రత్తగా వెంట తీసుకెళ్లండి.

నమస్కారం.