పాత దొడ్డిలో పేరు తెలియని మొక్కలు

శ్రోతలకు నమస్కారం. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు మన ఇళ్లలో వాటాకు వచ్చిన పాత ఇంటితో పాటు వెనక దొడ్డి కూడా వస్తుంది. నాటినవాళ్లు లేరు, ఏది ఎక్కడ నాటారో చెప్పేవాళ్లూ లేరు. ఇల్లు చేతికి రాగానే కూలీలను పెట్టి దొడ్డంతా చెక్కించేస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి. అన్ని కాలాలూ ఒకసారి తిరిగొస్తే గానీ ఆ నేలలో ఏముందో బయటపడదు. వేసవిలో బోసిగా కనిపించే చోటే పసుపు, మామిడల్లం, కంద, చేమ దుంపలు ఉంటాయి. జూన్ వానలకు మొలుస్తాయి. పార తగిలి గాటు పడ్డ దుంప వానకు కుళ్లిపోతుంది.

ముందు దొడ్డిని గళ్లుగా విడదీయండి. 10 అడుగులకొక వెదురు పుల్ల పాతి, ప్రతి గడికీ ఒక అంకె ఇవ్వండి. తెలియని ప్రతి మొక్కకూ ఒక చీటీ కట్టండి. కాగితం వానకు నిలవదు. కూల్‌డ్రింక్ డబ్బా రేకును ముక్కలుగా కోసి, అంచులు మడిచి, బాల్‌పెన్నుతో గట్టిగా నొక్కి రాస్తే రాత రేకులో దిగుతుంది. కట్టిన తీగ వేలు దూరేంత వదులుగా ఉండాలి. బిగిస్తే కాండం లావెక్కేకొద్దీ బెరడులోకి కోసుకుపోతుంది.

ఇక పోల్చుకోవడం. అందరూ తడబడేది ఆకు దగ్గరే. కరివేపాకు రెబ్బ మొత్తం ఒక్కటే ఆకు. దాని మీదివి ఆ ఆకులోని భాగాలు. ఏది ఆకో తేల్చేది మొగ్గ. ఆకు కాడ కొమ్మను కలిసే మూలలో చిగురు మొగ్గ ఉంటుంది, రెబ్బ మీది చిన్నాకుల మొదట్లో ఉండదు. తర్వాత ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటిగా ఉన్నాయా చూడండి. కాండం నాలుగు పలకలుగా, ఆకులు ఎదురెదురుగా, నలిపితే ఘాటు వాసన ఉంటే అది తులసి కుటుంబంది కావచ్చు. ఆకును ఎండకు అడ్డం పట్టినప్పుడు సూదితో పొడిచినట్టు చుక్కలు మెరిస్తే నిమ్మ కుటుంబం వైపు వెతకండి. మారేడు, వెలగ రెండూ అందులోవే, రెండింటికీ ముళ్లుంటాయి. మారేడుకు సాధారణంగా మూడు చిన్నాకులు, వెలగకు ఐదు నుంచి ఏడు.

అది గింజ మొలకా, పాత చెట్టు వేరు నుంచి లేచిన పిలకా అన్నది కూడా తేల్చుకోవాలి. పక్కన జానెడు లోతు మట్టి చేత్తో తీయండి. గింజ మొలకకు తల్లివేరు నిటారుగా దిగుతుంది. పిలక అడ్డంగా పాకిన లావు వేరుకు అంటుకుని ఉంటుంది. మారేడుకూ కరివేపాకుకూ ఇలాంటి పిలకలు బాగా వస్తాయి.

దుంపల విషయం నిదానంగా వినండి, ఇక్కడ పొరపాటు ప్రాణాల మీదికి వస్తుంది. అడవినాభి, అగ్నిశిఖ అని కూడా అంటారు, వానలకు కంచె వెంట తీగలా లేస్తుంది. ఆకు కొన సన్నగా సాగి, చుట్టుకుని, పక్క కొమ్మను పట్టుకుంటుంది. పూరేకులు పైకి తిరిగి, మొదట్లో పసుపుగా, కొనకు ఎర్రగా ఉంటాయి. దుంపలో కాల్చిసిన్ అనే విషం ఉంది, ఉడికించినా పోదు. దాన్ని చిలగడదుంప అనుకుని తిని చనిపోయినవారున్నారు. దుంపను చూసి పోల్చకండి, ఆకు కొన చూడండి. మూడేసి చిన్నాకులతో, కాండం మీద ముళ్లతో పాకే అడవి దుంపతీగ కూడా విషమే. కొండల్లో ఆదివాసులు దాన్ని ముక్కలు కోసి, ఉడకబెట్టి, పారే నీళ్లలో రోజుల తరబడి నానబెట్టాకే తింటారు. ఆ పద్ధతి తెలియనివాళ్లు దాని జోలికి పోకూడదు. పసుపు జాతిలో ప్రాణభయం లేదు గానీ తికమక చాలా ఉంది. దుంప కోసి చూడండి: పసుపుకు నారింజ రంగు, మామిడల్లానికి లేత పసుపు రంగు, పచ్చిమామిడి వాసన, నల్లపసుపుకు నీలి ఛాయ.

ఏ మొక్కనూ రుచి చూసి గుర్తుపట్టాలనుకోకండి. పాలు కారే కొమ్మను తుంపిన చేత్తో కళ్లు తుడుచుకోకండి. జెముడు పాలు కంటిని దెబ్బతీస్తాయి.

ఏడాది ఆగాలన్న మాట రెండింటికి వర్తించదు. లేతలో క్యారెట్ ఆకులా కనిపించే వయ్యారిభామను, తెల్లపూలు రాకముందే, చేతి తొడుగులు వేసుకుని వేళ్లతో సహా పీకాలి. చర్మానికి దురద, దద్దుర్లు తెస్తుంది, పూస్తే వేల గింజలు రాలుస్తుంది. దూలగొండి చిక్కుడులా మూడాకుల తీగ. కాయ ఎండితే దాని నూగు గాలికి లేచి ఒంటికి పడుతుంది, కాబట్టి కాయ ముదరకముందే కోసేయండి.

ఫోన్ యాప్‌లు పూసిన తోట మొక్కలకు బాగానే పనికొస్తాయి. మొలకల దగ్గర తప్పుతాయి, తినొచ్చా లేదా అన్నది వాటిని అడగకండి. అప్పటికీ తేలకపోతే పువ్వు, కాయ ఉన్న అడుగు పొడవు కొమ్మ కోసి వార్తాపత్రికల మధ్య పరచి, పైన 10 కిలోల బరువు పెట్టండి. కాగితాలు రోజూ మార్చాలి, లేకపోతే మన వానాకాలపు చెమ్మకు బూజు పట్టి ఆకు నల్లబడుతుంది. వారం, పది రోజుల్లో ఆరిపోతుంది. దాన్ని దగ్గరి కాలేజీ వృక్షశాస్త్ర విభాగానికో, జిల్లా కృషి విజ్ఞాన కేంద్రానికో తీసుకెళ్లండి. పువ్వు రంగు, వాసన, పాలు ఉన్నదీ లేనిదీ ఎండాక తెలియవు. మొక్క ఎత్తు, గడి అంకె, తేదీతో పాటు అవి కూడా కోసిన రోజే చీటీ మీద రాసి కొమ్మతో పెట్టండి.