ఆసు పోసిపెట్టే సేవ, ఆసు యంత్రం చేసే సేవ

నమస్కారం. హైదరాబాదులో సేవ ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ వినిపించే ఒక అపోహ నన్ను చాలాకాలంగా బాధిస్తోంది. పర్యాటకం పెంచడానికి యువతను పల్లెకు పంపడమంటే, వారు వెళ్లి గోడలకు రంగులు వేసి, చెత్త ఏరి, దారి చూపే బోర్డులు పాతి రావడమేనని చాలామంది నమ్ముతున్నారు. జాతీయ సేవా పథకంలోని 7 రోజుల ప్రత్యేక శిబిరం విద్యార్థికి పల్లెను పరిచయం చేస్తుంది, అది ఎంతో విలువైనది. కానీ పర్యాటకాన్ని సొంతంగా నడుపుకునే శక్తి ఒక ఊరికి వారం రోజుల్లో రాదు.

ఈ తేడాను ఒక నేత పనితో పోల్చి చెబుతాను. పోచంపల్లి తరహా పట్టుచీరకు చిటికి కట్టే ముందు, అంటే రంగు అంటకుండా దారాన్ని అక్కడక్కడా ముడివేసే ముందు, ఆసు పోయాలి, అంటే దారాన్ని మేకుల చుట్టూ చేతితో చుట్టాలి. ఒక్క చీరకు చేతిని దాదాపు 9000 సార్లు అటూ ఇటూ తిప్పాలి. ఆలేరు దగ్గరి శారాజీపేటలో తల్లి లక్ష్మి పడే భుజాల నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రాన్ని పూర్తిచేసి, దానికి ఆమె పేరే పెట్టారు. ఆయన రోజూ తల్లి పక్కన కూర్చొని ఆసు పోసిపెట్టినా అది ప్రేమే అయ్యేది, కానీ ఆయన ఇంట లేని రోజు ఆ నొప్పి తిరిగి ఆమె భుజాల మీదికే వచ్చేది.

అమెరికాలో 1965లో మొదలైన విస్టా అనే పేదరిక నిర్మూలన స్వచ్ఛంద సేవా కార్యక్రమం ఈ తేడాను నియమంగానే పెట్టుకుంది. అందులో చేరినవారు ఏడాదిపాటు స్థానిక సంస్థలో పూర్తికాలం పనిచేస్తారు, అయితే ఊరివారి బదులు పని చేసిపెట్టరు. ఆ పని సాగే ఏర్పాటును నిర్మిస్తారు. నా దృష్టిలో అది ఆసు యంత్రం చేయడమే.

వికారాబాద్ దగ్గరి అనంతగిరి గుట్టల అంచున ఉన్న ఒక ఊరికి అలా ఒక యువతి వెళ్లిందనుకుందాం. వానల్లో ఏ బండ జారుతుందో, ఎండల్లో నీళ్లు ఎక్కడ నిలుస్తాయో గొర్రెల కాపరులకు తెలుసు. వారితో నడిచి కాలిబాటల పటం తయారుచేయాలి, ఆ పటాన్ని ఊరి పిల్లల చేతే గీయించాలి. బస గదుల ధర గ్రామసభలో తేలాలి, లెక్కల పుస్తకం మహిళా సంఘం చేతిలో ఉండాలి. సాయంత్రం గుట్ట మీద ఎవరికైనా కాలు విరిగితే 108కి ఫోన్ చేసేది ఎవరు, రోడ్డు వరకు మోసుకొచ్చే దారి ఏది అన్నది కాగితం మీద ఉండాలి. ఇవేవీ ఫొటోల్లో కనిపించవు, చీర కట్టుకున్నవారికి ఆసు కనిపించనట్లే.

సమయం తక్కువగా ఉంది కనుక మిగిలినవి త్వరగా చెబుతాను. ఆమె కావాలని అడిగినది ఊరే అయి ఉండాలి, పంపిన సంస్థ కాదు. అటవీ శాఖ అనుమతి మొదటి నెలలోనే కోరాలి. రోజుకు ఎంతమందిని రానివ్వాలో ముందే నిర్ణయించుకోవాలి, ఎందుకంటే గుట్ట భరించగలిగిన దానికి ఒక హద్దు ఉంది. మొదటి రోజు నుంచే ఆమె పక్కన ఊరి మనిషి ఒకరు పని నేర్చుకుంటూ ఉండాలి. చివరి 2 నెలలు ఆమె యంత్రాన్ని ముట్టుకోకూడదు: గదుల కోసం ఫోన్ మోగితే సంఘం సభ్యురాలే ఎత్తాలి, తప్పు దొర్లితే అడగడానికి ఆమె ఇంకా ఊళ్లో ఉన్నప్పుడే.