ఆ పేరుతో ఇక్కడెవరూ లేరు

ఇన్విటేషన్ కార్డును విసనకర్ర చేసుకున్న సార్లకు, వెనక బెంచీల పిల్లలకు నమస్కారం. శాలువా తర్వాత కప్పుదురు గానీ, ముందు నన్ను మాట్లాడనివ్వండి. మెయిల్ సర్వర్ల సెటప్ గురించి చెప్పమని పిలిచారు. నేను మాత్రం నా తప్పు ఒకటి చెప్పుకోవడానికి వచ్చాను.

హన్మకొండలో ఒక కాలేజీ మెయిల్ సర్వర్‌ను నేనే చూసుకునేవాణ్ని. పరీక్షల విభాగానికి ‘ఎగ్జామ్స్’ అని అడ్రస్ ఉండేది. అది ఎవరి యూజర్‌నేమూ కాదు, అలియాస్. ఇంట్లో ‘చిన్నోడా’ అంటే రేషన్ కార్డులో ఇంకో పేరున్న మనిషి పలుకుతాడు చూడండి, అట్లాంటిది. దానికి వచ్చిన మెయిల్ క్లర్కు ఇన్‌బాక్స్‌లో పడేది. అక్కడిదాకా బాగానే ఉంది. నేను తెలివి ఎక్కువై క్యాచ్-ఆల్ కూడా పెట్టాను. లేని పేరుకు రాసినా సర్వర్ తీసుకుని ఒక మూల మెయిల్‌బాక్స్‌లో పడేస్తుంది. ఏ మెయిలూ పోవద్దని నా ఆశ!

జనగామ నుంచి ఒకమ్మాయి ఫీజు రసీదు పంపింది. చివరి ‘స్’ వదిలేసి ‘ఎగ్జామ్’ అని కొట్టింది. మూడుసార్లు పంపింది. మూడుసార్లూ నా సర్వర్ ‘250, ఓకే’, అంటే తీసుకున్నానని, అన్నది. ఆ మూల బాక్స్ నిండా స్పామ్. నేనెప్పుడూ తెరవలేదు. ఆ పిల్లకు హాల్ టికెట్ రాలేదు. వాళ్ల నాన్న గాజు పగిలిన ఫోన్‌లో పంపిన మెయిళ్లు తెరిచి నా టేబుల్ మీద పెట్టాడు. “రాలేదని ఒక్క మాట చెప్తే బస్సెక్కి వచ్చి ఇచ్చేటోళ్లం కద సారూ” అన్నాడు.

మా వీధి పోస్ట్‌మ్యాన్ నయం. ఆ పేరుతో ఎవరూ లేరని కవరు మీద రాసి వాపసు పంపేవాడు.

పిల్లలూ, ఇది రాసుకోండి. పంపే సర్వర్ ముందు ‘ఫలానావారికి’ అని పేరు చెప్తుంది, ఉత్తరం తర్వాత ఇస్తుంది. సర్వర్లు మెయిల్ ఇచ్చిపుచ్చుకునే పద్ధతి చెప్పే 1982 నాటి ఎస్‌ఎంటీపీ ప్రమాణం నుంచీ ఇదే పద్ధతి. పేరు చెప్పినప్పుడే అలియాసులూ యూజర్లూ రెండూ వెతకాలి. ఎక్కడా లేకపోతే గడప దగ్గరే 550, అంటే ఆ పేరుతో ఇక్కడెవరూ లేరు, అనాలి. లోపలికి తీసుకుని తర్వాత వాపసు చేద్దామనుకోవద్దు. స్పామ్ పంపేవాడు ఇంకెవరి అడ్రసో పెడతాడు, మీ వాపసులన్నీ ఆ పాపం ఎరగనివాడి నెత్తిన పడతాయి.

ఇంకోటి. పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ లోకల్ డెలివరీలో, అంటే తన దగ్గరున్న యూజర్లకు మెయిల్ అందించేటప్పుడు, ముందు అలియాసే చూస్తుంది. శ్రీనివాస్ అనే యూజర్ ఉండగా అదే పేరుతో అలియాస్ పెట్టి వేరేవాళ్లకు మళ్లించారనుకోండి, అసలు శ్రీనివాస్‌కు ఒక్క మెయిలూ పోదు. మన దగ్గర డిపార్ట్‌మెంటుకు ముగ్గురు శ్రీనివాస్‌లుంటారాయె! ఆ అమ్మాయి నాన్న వెళ్లిపోయాక నేను చేసింది రెండే పనులు: క్యాచ్-ఆల్ తీసేశాను, ‘ఎగ్జామ్’ అని రెండో అలియాస్ పెట్టాను. రెండు నిమిషాల పని. వాళ్ల నాన్న మాట మాత్రం ఇంకా చెవిలోనే ఉంది.

ముగించమని చీటీ వచ్చింది. ఒక్కటి అడిగి దిగిపోతా. మెయిల్ తీసుకునే ప్రతి డొమైన్‌లో పోస్ట్‌మాస్టర్ అనే అడ్రస్ పనిచేయాలి, అది నియమం. మీ కాలేజీ పోస్ట్‌మాస్టర్‌కు పొద్దున బస్టాండ్‌లో కూర్చుని ఒక మెయిల్ పెట్టాను. వాపసు రాలేదు. సార్లూ, అది ఎవరి ఇన్‌బాక్స్‌లో పడిందో కొంచెం చూసి చెప్పండి.