ముందు చుట్టండి, తర్వాత కొట్టండి

అందరికీ నమస్కారం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నన్ను పిలిచినవాళ్లు బోర్డు మీద ‘గేముల్లో యుద్ధతంత్రం’ అని రాసేశారు. అంత పెద్ద మాటకు నేను తగను. రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక సివిలైజేషన్ 6 అనే కంప్యూటర్ ఆట ఆడుకునేవాణ్ణి, అంతే. గడుల పటం మీద ఊళ్లు కట్టుకుంటూ, పక్క రాజ్యాలతో వంతులవారీగా, అంటే టర్ను టర్నుగా తలపడే ఆట అది. ‘ఇంకొక్క టర్న్’ అనుకుంటూ పాలవాడు బెల్లు కొట్టేదాకా కూర్చున్న రోజులున్నాయి. ఈ పూట చెప్పేది ఒక్కటే. ఆట తొలి దశలో, పక్క రాజ్యం ఊరికి అప్పుడే గోడ లేచిందనుకోండి, ఏం చెయ్యాలి?

ముందు నా పరువు పోయిన కథ వినండి. నలుగురు వారియర్లను, అంటే దగ్గరికెళ్లి కొట్టే కత్తివాళ్లను, ఇద్దరు ఆర్చర్లను, అంటే విలుకాళ్లను వెంటేసుకుని ఒక ఊరి మీదికి పోయాను. నేను దారిలో ఉండగానే అక్కడ గోడ లేచింది. గోడ ఉంటే ఊరు కూడా బాణం వేస్తుంది, రెండు గడుల దూరం దాకా. గోడ బలం 100, ఊరి బలం 200. కత్తివాడు గోడను కొడితే ఆ దెబ్బలో 15 శాతమే గోడకు తగులుతుంది. ఆర్చర్ దెబ్బ సగమే. కొట్టినకొద్దీ నావాళ్లే అరిగిపోయారు. ఎలాగో ఊరిని చావుబతుకుల్లోకి తెచ్చి చూసుకుంటే, మిగిలింది ఆర్చర్లిద్దరే. ఈ ఆటలో దూరం నుంచి కొట్టేవాడు ఊళ్లో అడుగు పెట్టలేడు. పెళ్లిమంటపం దాకా వచ్చి తాళి మర్చిపోయినట్టయింది నా పని. ఊరేమో టర్నుకు 20 చొప్పున కోలుకుంటూ పోయింది.

ఆ 20 దగ్గరే ఉంది కిటుకంతా. ఊరిని పూర్తిగా చుట్టుముడితే అది కోలుకోదు. ఈ ఆటలో గడికి ఆరు పక్కలు. చుట్టుముట్టడమంటే ఊరి చుట్టూ ఉన్న ఆరు గడుల్లోనూ ఆరుగురిని నిలబెట్టడమని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు. దగ్గరికెళ్లి కొట్టే యూనిట్, అంటే దళం, తన పక్క గడులను కూడా కట్టడి చేస్తుంది. దాన్నే జోన్ ఆఫ్ కంట్రోల్ అంటారు. ఊరికి తూర్పున ఒకణ్ణి, సరిగ్గా ఎదురుగా పడమట ఒకణ్ణి నిలబెట్టండి. ఒక్కొక్కడూ తన గడితో పాటు అటూ ఇటూ రెండు గడులు చూసుకుంటాడు. ఆరూ అయిపోయాయి. ఇద్దరు చాలు! కాకపోతే మధ్యలో ఏరుంటే ఈ లెక్క చెల్లదు. కట్టడి ఏరు దాటదు. మన పెన్నలాంటి నది ఆ ఊరి పక్కనే పారుతుంటే అవతలి ఒడ్డున ఇంకొకణ్ణి పెట్టాల్సిందే. ఆర్చర్లకు ఈ కట్టడి లేదు, వాళ్లను లెక్కలో వేసుకోకండి.

మీలో పులిజూదం ఆడినవాళ్లున్నారా? చేతులెత్తండి. ఫర్వాలేదు, చాలామందే ఉన్నారు. 3 పులులు, 15 మేకలు. మేక పులిని చంపలేదు. కానీ ప్రతి మేక వెనకా ఇంకో మేక ఉంటే పులి దూకడానికి చోటుండదు. కదల్లేని పులి ఓడిపోయినట్టే. మా తాత ఇది చెప్పీ చెప్పకుండానే నేర్పాడు. నేనేమో కంప్యూటర్ ముందు కూర్చోగానే మర్చిపోయాను.

ఉదయగిరి కొండకోట ఎక్కినవాళ్లకు ఇంకా బాగా తెలుస్తుంది. కింద నిలబడి తలెత్తి చూస్తే, దీన్ని ఎవడు పట్టుకుంటాడబ్బా అనిపిస్తుంది. 1513లో శ్రీకృష్ణదేవరాయలవారు ముట్టడి మొదలుపెడితే, గజపతుల చేతిలో ఉన్న ఆ కోట లొంగడానికి ఏడాదిన్నర దాకా పట్టింది. కొండల్లో బండలు కొట్టించి దారులు వేయించారని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసిపెట్టాడు. మనకేమో పది టర్నుల్లో గోడ పడకపోతే టెన్షన్!

సరే, చుట్టేశాం. ఇప్పుడు గోడ. ఆటలో మేసన్రీ, అంటే రాతికట్టడం విద్య, నేర్చుకుంటేనే గోడ కట్టడం వస్తుంది. దాన్ని గుద్దే దుంగబండి, అదే బ్యాటరింగ్ ర్యామ్, అదీ ఆ చదువుతోనే వస్తుంది. ఇది ఊరి పక్క గడిలో ఉంటే కత్తివాళ్ల దెబ్బ గోడకు పూర్తిగా తగులుతుంది. ఒక్కటి ఉంటే చాలు, ఆ ఊరిని కొట్టే మీ కత్తివాళ్లందరికీ పనికొస్తుంది. ఈ ముక్క తెలియక నేను మూడు కొన్నాను. దానంతట అది పోరాడలేదు, ఒంటరిగా వదిలితే శత్రువు ఎత్తుకుపోతాడు. కాబట్టి కత్తివాడున్న గడిలోనే పెట్టండి. ఆర్చర్లు వెనక వరసలో ఉండి, బయటికొచ్చిన శత్రు యూనిట్లను ఏరేస్తూ ఉండాలి. గోడ మీద బాణాలు తగలెయ్యడం దండగ.

క్యాటపుల్ట్, అంటే రాళ్లు విసిరే యంత్రం, తర్వాత వస్తుంది. గోడకు అసలు మొగుడు అదే. కానీ మామూలుగా నడిచిన టర్నులో రాయి విసరలేదు. రెండు గడుల దూరానికి వచ్చి, ఊరు వేసే దెబ్బ తిని, మరుసటి టర్నులో పని మొదలుపెడుతుంది. అందుకే దాన్ని అందరికంటే చివర్లో తీసుకురండి.

గుర్రపు దళాలను మాత్రం గోడకేసి కొట్టకండి, ర్యామ్ వాటికి సాయపడదు. శత్రువు పొలాల మీదికి వదలండి. ఒక పొలం దోచుకుంటే ఆ యూనిట్‌కు 50 బలం తిరిగొస్తుంది. దెబ్బతిన్న గుర్రం మేత మేసి లేచినట్టు లేస్తుంది.

మాటలు చాలు. ఇదిగో, ల్యాప్‌టాప్‌లో సేవ్ చేసిన ఆట ఒకటుంది. గోడ ఉన్న ఊరు, ఉత్తరం వైపు ఏరు, మన దగ్గర ముగ్గురు కత్తివాళ్లు, ఒక ర్యామ్, ఇద్దరు ఆర్చర్లు. వెనక బెంచీలో చెయ్యెత్తిన చెల్లెమ్మా, నువ్వే రా. మూడోవాణ్ణి ఎక్కడ నిలబెడతావో చూపించు.