కోడిపిల్లలు పట్టుకెళ్ళే ముందు ఒక్కమాట

సర్పంచ్ గారికీ, పశువుల డాక్టరు గారికీ, పొదుపు సంఘం అధ్యక్షురాలికీ, పనులు మానుకుని వచ్చిన అక్కచెల్లెళ్ళందరికీ నమస్కారం. పెద్దలందరి పేర్లూ చదువుతూ కూర్చుంటే గంపల్లో ఉన్న పిల్లలకు ఎండ తగులుతుంది. నేరుగా విషయానికి వచ్చేస్తాను.

ఈ వనరాజా పిల్లల్ని ఎలా పెంచుకోవాలో చెప్పమని నన్ను పిలిచారు. మేత గురించి, మొదటి వారాల్లో ఇవ్వాల్సిన వెచ్చదనం గురించి, కొక్కెర తెగులు టీకా గురించి డాక్టరు గారు ఇందాకే చెప్పారు. నాకంటే బాగా చెప్పారు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో మనలాంటి వాళ్ళ పెరళ్ళ కోసమే తయారుచేసిన జాతి ఇది. మన నాటుపెట్ట ఏడాదికి యాభై, అరవై గుడ్లు పెడితే ఇది వంద దాటి పెడుతుంది. మీకు అది సంతోషం. నాకూ సంతోషమే. కానీ పొద్దున్నుంచీ నా మనసులో ఒకటే మెదులుతోంది. గుడ్లు రెట్టింపైతే మన ఇళ్ళల్లో ఆడపిల్లల నోట్లో కొట్టి పోసే పచ్చిగుడ్లు కూడా రెట్టింపవుతాయేమోనని. అందుకే ఇవాళ పెంపకం గురించి కాదు, ఆ పచ్చిగుడ్డు గురించే మాట్లాడతాను. అధ్యక్షురాలు గారు మన్నించాలి.

ముప్పై రెండేళ్ళు ఏఎన్‌ఎంగా పనిచేశాను. ఎన్నో ఊళ్ళు తిరిగాను. ఇప్పుడు చెప్పేది మాత్రం మా ఇంట్లో జరిగింది.

1996 వేసవిలో మా అన్నయ్య కూతురు పెద్దమనిషి అయ్యింది. పదమూడేళ్ళ పిల్ల. మూలగదిలో తాటాకు చాప వేసి కూర్చోబెట్టారు. చిమ్మిలి దంచారు. రోజూ పొద్దున్నే పరగడుపున ఒక పచ్చిగుడ్డు, దాని వెనకే ఒక గుక్క నువ్వుల నూనె. నడుం గట్టిపడుతుందని, రేపు కాన్పు తేలికవుతుందని మా అమ్మ నమ్మకం. మీలో చాలామందికి ఇలాగే ఇచ్చి ఉంటారు. నాకూ ఇచ్చారు.

గుడ్డు మా పెరటి కోడిదే. గడ్డివామి పక్కన, పెంటకుప్పను ఆనుకుని పెట్టింది. పెంకు మీద ఎండిన రెట్ట ఉంది. అమ్మ కొంగుతో తుడిచి నా చేతికిచ్చింది. కొట్టి ఆ పిల్ల నోట్లో పోసింది నేనే. నేను నర్సుని. అయినా అమ్మ మాటకు ఎదురుచెప్పలేకపోయాను.

మూడో రోజు రాత్రి జ్వరం వచ్చింది. విరేచనాలు పట్టుకున్నాయి. కానీ మాకు తెలియలేదు! మైల గదిలో ఉంది కదా, బయటికి రావాలంటే ఎవరినైనా లేపాలి. లేపడానికి సిగ్గు. తెల్లవార్లూ కడుపు పట్టుకుని పడుకుంది. పొద్దున చూస్తే పెదాలు ఎండిపోయి, కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. వేడి చేసిందన్నారు ఒకరు. పేరంటానికి వచ్చినవాళ్ళ దిష్టి అన్నారు ఇంకొకరు. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి మధ్యాహ్నమైంది.

ఇక్కడ కొంచెం గమనించండి. డాక్టరు గారు ఏం తిన్నదని అడిగారు. పప్పన్నం అన్నాం. చిమ్మిలి అన్నాం. వదిన చెప్పింది, అమ్మ చెప్పింది, నేనూ చెప్పాను. గుడ్డు సంగతి ఒక్కరం కూడా చెప్పలేదు. దాచి కాదు. అసలు గుర్తే రాలేదు. ఆ రాత్రి సెలైన్ సీసా కింద కూర్చుని నేను అడిగితే అమ్మ అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "గుడ్డు తిండి ఎందుకవుతుందే, అది బలానికి కదా!"

ఆ గుడ్డు వల్లే అని పరీక్ష చేసి ఎవరూ తేల్చలేదు. నేను అబద్ధం చెప్పను. కానీ ఆ మూడు రోజుల్లో ఆ పిల్ల తిన్నవన్నీ మేమూ తిన్నాం, తాగిన నీళ్ళే తాగాం. పచ్చిగుడ్డు ఒక్కటే తను ఒక్కతే తాగింది. మాలో ఎవరికీ ఏమీ కాలేదు. ఆరు రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి ఇంటికొచ్చింది.

వెనకాల వాళ్ళకు వినబడుతోందా? మైకు దగ్గరగా పెట్టండి బాబూ.

పచ్చిగుడ్డుతో ఇలాంటి రోగం తెచ్చే క్రిమి పేరు సాల్మొనెల్లా. కోడి పేగుల్లో ఉంటుంది. రెట్టతో బయటికొచ్చి పెంకుకు అంటుకుంటుంది. గుడ్డు పెంకు గట్టిగా కనిపిస్తుంది కానీ దానికి వేలకొద్దీ సన్నటి రంధ్రాలు ఉంటాయి. అప్పుడే పెట్టిన గుడ్డు వెచ్చగా, తడిగా ఉంటుంది. చల్లారేకొద్దీ లోపలి సొన కుంచించుకుపోయి బయట ఉన్నదాన్ని లోపలికి లాగుతుంది. చన్నీళ్ళతో కడిగినా అదే జరుగుతుంది. శుభ్రం చేస్తున్నామనుకుంటూ మనమే క్రిమిని లోపలికి పంపుతాం.

ఇంకో దారి కూడా ఉంది. కోడి అండాశయంలోనే క్రిమి ఉంటే, పెంకు కట్టకముందే సొనలోకి చేరిపోతుంది. అప్పుడు పెంకు మల్లెపూవులా తెల్లగా ఉన్నా లాభం లేదు. ఆ కోడి చూడటానికి చక్కగా మేస్తూ, ఈకలు నిగనిగలాడుతూ ఉంటుంది. "మా కోడి మందులు ఎరగదు, గింజలు తిని పెరిగింది" అంటారు. నిజమే, మంచిదే. కానీ మందులు తినని కోడి వేరు, క్రిమి లేని కోడి వేరు. డాక్టరు గారు వేయించే టీకా కొక్కెర తెగులుకే, దీనికి కాదు. గుడ్డు నీళ్ళలో మునిగితే మంచిదని చూస్తాం. అది తాజాదో కాదో చెబుతుంది, క్రిమి ఉందో లేదో చెప్పదు.

"మా తాత రోజూ రెండు తాగేవాడు, తొంభై ఏళ్ళు బతికాడు." ఈ మాట అనేవాళ్ళు ఇక్కడ కనీసం పదిమంది ఉంటారు. ప్రతి గుడ్డులోనూ క్రిమి ఉండదమ్మా. ఉండదు కాబట్టే మనం మోసపోతాం. నూరు గుడ్లు తాగి ఏమీ కాకపోతే నూట ఒకటోది కూడా మంచిదే అనుకుంటాం. అది చంటిపిల్లకో, గర్భిణికో, ముసలివాళ్ళకో పడితే తట్టుకోలేరు.

ఇంగ్లండులో పచ్చిగుడ్డు గర్భిణులు కూడా తినవచ్చని 2017లో అక్కడి ఆహార సంస్థ చెప్పింది. ఫోన్లలో అది చూసి మొన్న ఒకమ్మాయి నన్ను అడిగింది. అక్కడ గుడ్లలో ఈ క్రిమి ఉందని 1988లో పెద్ద గొడవ జరిగింది. ఆ తర్వాత 1998 నుంచి కోళ్ళకు సాల్మొనెల్లా టీకాలు వేసి, వాటి గుడ్ల మీద సింహం ముద్ర కొట్టి అమ్మడం మొదలుపెట్టారు. తినవచ్చన్నది ఆ ముద్ర ఉన్న గుడ్డునే. వాళ్ళ పెరటి కోడి గుడ్డుకు ఆ మాట వర్తించదు. మన దగ్గర చూస్తే, హైదరాబాదులో మోమోలు తిని ఒకామె చనిపోయి, చాలామంది ఆసుపత్రి పాలయ్యాక, 2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం మోమోలతో ఇచ్చే, పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. బండి మీద అమ్మేదాన్ని ప్రభుత్వం ఆపగలదు. మన మూలగదిలోకి ఏ ప్రభుత్వం వస్తుంది? మనమే ఆపాలి.

మా అమ్మ దగ్గరికి మళ్ళీ వస్తాను. పిల్ల ఇంటికొచ్చాక అమ్మ నన్ను అడిగింది: "మరి ఉడికిస్తే బలం పోదా?" అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. బెల్జియంలో చేసిన ఒక పరిశోధన 1998లో వచ్చింది. ఉడికిన గుడ్డులో మాంసకృత్తులు నూటికి 91 వంతులు ఒంటికి పడితే, పచ్చిగుడ్డులో 51 వంతులే పడ్డాయి. పైగా పచ్చి తెల్లసొనలో ఉండే ఒక పదార్థం బయోటిన్ అనే విటమిన్‌ను పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు. ఉడికిస్తే దాని పట్టు పోతుంది. అంటే మనం బలం కోసం ఇచ్చి, సగం బలం పారబోస్తున్నాం. అమ్మ ఉండగా ఈ మాట చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

టైమ్ అయిందని అధ్యక్షురాలు గారు సైగ చేస్తున్నారు. రెండు నిమిషాలమ్మా.

గూట్లో ఎండుగడ్డి తరచూ మార్చండి, కోడి పెంటకుప్ప దగ్గర కాకుండా గూట్లోనే గుడ్లు పెట్టేలా అలవాటు చేయండి. గుడ్లు రెండు పూటలా ఏరుకోండి. మట్టి ఉంటే పొడిగుడ్డతో తుడవండి. పగుళ్ళు వచ్చినవి, బాగా రెట్ట అంటినవి పారెయ్యండి, పోతే పోనీ. ఫ్రిజ్ ఉన్నవాళ్ళు అందులో పెట్టండి. కాకపోతే ఆ చలికి క్రిమి పెరగదు, అంతే, చావదు. చచ్చేది వేడికే. తెల్లసొన, పచ్చసొన రెండూ గట్టిపడాలి. హాఫ్ బాయిల్ వద్దు. కోళ్ళను ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి. ఇవాళ ఇంటికెళ్ళగానే మీ పిల్లలు ఈ కోడిపిల్లల్ని ముద్దులు పెట్టుకుంటారు. పెట్టుకోనివ్వకండి.

ఒక్కటే అడుగుతున్నాను. పద్ధతి మానమని కాదు. చిమ్మిలి పెట్టండి, గుడ్డూ పెట్టండి, ఉడికించి పెట్టండి. పిల్లను మూలగదిలో ఒంటరిగా వదలకండి, రాత్రి పక్కన ఎవరైనా పడుకోండి. అత్తగారితో చెప్పలేకపోతే, అమ్మతో చెప్పలేకపోతే, నేను చెప్పలేకపోయినట్టే మీరూ చెప్పలేకపోతే, నాకు కబురు పెట్టండి. మా ఇల్లు రామాలయం వెనకే. పొద్దున్నే వస్తాను. గుడ్లు నేనే ఉడికిస్తాను, చిమ్మిలి దంచడానికీ చెయ్యి వేస్తాను, మీ పెద్దవాళ్ళతో నేనే మాట్లాడతాను.

ఇక లైన్లో రండి. గంపలు విప్పమనండి, పిల్లలు అరుస్తున్నాయి.