రంగు చూసి కారం కొనకండి
(గుంటూరులో చేతి తయారీ ఆహార సంత మొదటి రోజు ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, ఊరూరి నుంచి సరుకు మోసుకొచ్చి బల్లలు వేసుకున్న అక్కచెల్లెళ్లకు నమస్కారం. సంతలో ఏం కొనాలి, ఎలా కొనాలి అన్నది నాకిచ్చిన అంశం. పచ్చళ్లు, నూనెలు, నెయ్యి, బెల్లం, మిఠాయిలు అన్నిటి గురించీ చెప్పమన్నారు.

లోపలికి రాగానే సంచి నింపకండి. ముందు ఒక చుట్టు తిరగండి. ధర అడిగే ముందు మూడు సంగతులు అడగండి: ఎప్పుడు చేశారు, ఒక విడతకు ఎంత చేశారు, ఏ నూనె వాడారు. సొంతంగా కలిపిన మనిషికి జవాబు తడుముకోకుండా వస్తుంది. "పోయిన మంగళవారం, 10 కిలోల ముక్కలు, పప్పునూనె" అంటుంది. ఎక్కడో డబ్బాల్లెక్కన కొని సీసాల్లోకి మార్చినవాళ్లు "అంతా ఇంటి సరుకేనండీ" దగ్గరే ఆగిపోతారు.

తర్వాత ప్యాకెట్టు వెనక్కి తిప్పండి. ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ., అంటే కేంద్ర ఆహార భద్రతా సంస్థ, ఇచ్చిన నంబరు 14 అంకెలు ఉండాలి. 2తో మొదలైతే చిన్న తయారీదారు రిజిస్ట్రేషను, 1తో మొదలైతే లైసెన్సు. నంబరు ఉన్నంత మాత్రాన లోపలి సరుకును ఎవరో పరీక్షించారని కాదు. తేడా వస్తే ఎవరిని అడగాలో తెలుస్తుంది, అంతవరకే. దినుసులను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాయాలి. పచ్చడి సీసా మీద మామిడికాయ కన్నా ముందు నూనె పేరు కనబడితే, మీరు కొంటున్నది ఎక్కువగా నూనే.

ఇక కారం. గుంటూరులో నిలబడి కారం గురించి చెబుతున్నాడేమిటి అనుకోవద్దు. చెప్పాల్సింది ఇక్కడే. సన్నం మిర్చికి భౌగోళిక గుర్తింపు ఉన్న ఊరు మనది. అలాంటి ఊళ్లో కూడా కారప్పొడి బల్ల దగ్గర నిలబడి, "ఇంకా ఎర్రగా ఉన్నది లేదా?" అని అడుగుతున్నాం. ఘాటు ఎంత అని అడగం, ఏ కాయ అని అడగం. తేజ కాయ ఘాటు ఎక్కువ, కానీ పొడి బాడిగంత ఎర్రగా రాదు. బాడిగ ముడతల కాయ, రంగు దండిగా ఇస్తుంది, కారం తక్కువ. ఒకే పొడిలో తేజ ఘాటూ కుంకుమ ఎరుపూ రెండూ కావాలంటే రెండు కాయలు కలపాలి. లేదా రంగు కలపాలి. రెండోది చవక.

మిర్చి యార్డులో తాలు అని విడిగా అమ్ముతారు, మీకు తెలుసు. వాన తగిలో, తెగులు తగిలో తెల్లబారిన కాయ. మంచి కాయ ధర దానికి రాదు. కానీ తాలూ అమ్ముడుపోతుంది. మరలో పడ్డాక తాలు తాలులా కనబడదు, వెలసిన పొడిలా కనబడుతుంది. అప్పుడు దానికి ఎరుపు పులమాలి. మనం ఎరుపు అడిగినంత కాలం ఆ పని ఆగదు. అమ్మేవాళ్లను మాత్రమే అని లాభం లేదమ్మా.

గ్లాసు నీళ్ల మీద చిటికెడు పొడి చల్లండి. కదపకండి. నీళ్లలో కరిగే రంగు ఉంటే గీతలు గీతలుగా కిందికి దిగుతుంది. ఇటుకపొడి ఉంటే అడుక్కి చేరి, వేలితో రుద్దితే గరగరలాడుతుంది. అయితే సుడాన్ జాతి రంగులు, అంటే తిండిలో వాడకూడని పారిశ్రామిక ఎర్రరంగులు, నీళ్లలో కరగవు, నూనెలోనే కరుగుతాయి. ఈ పరీక్షకు అవి దొరకవు, ల్యాబులోనే తేలాలి. 2005లో బ్రిటన్‌లో సుడాన్ 1 ఉన్న కారప్పొడి ఒక సాసులో పడి, ఆ సాసు వాడిన వందల రకాల తినుబండారాలను అంగళ్ల నుంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఇంకొకటి. కారప్పొడిలో 2 శాతం వరకు వంటనూనె కలపడానికి అనుమతి ఉంది, కానీ ఆ సంగతి లేబులు మీద రాయాలి. నూనె తగిలితే పొడి నిగనిగలాడుతుంది. నిగనిగ ఉండి లేబులు మీద నూనె మాట లేకపోతే అడగండి.

అందుకే కాయ కొనమంటాను. గుప్పెడు తీసుకుని ఊపండి, గింజ గలగలమనాలి. విరిస్తే ఫట్‌మని విరగాలి, వంగితే తేమ ఉన్నట్టే. నాలుగు కాయలు నిలువునా చీల్చి లోపల చూడండి. గింజల చుట్టూ బూడిదరంగు బూజో నల్లటి మచ్చలో ఉంటే ఆ బస్తా వద్దు. పైకి ఎర్రగా మెరిసే కాయ లోపలే బూజు దాక్కుంటుంది, దానితో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం భయం. మంచి కాయను రెండు రోజులు ఎండబెట్టి, తొడిమలు తీసి, దగ్గరుండి పట్టించుకోండి. మరలోంచి పొడి వేడిగా వస్తుంది. బట్ట మీద పరిచి పూర్తిగా చల్లారాకే డబ్బాకెత్తండి. వేడి మీద మూత పెడితే చెమ్మ పట్టి ఉండకడుతుంది. డబ్బాకు వెలుతురు తగలకూడదు, వెలుతురుకు అసలైన కారం వెలుస్తుంది. నెలల తరబడి ఎండలో వేలాడదీసినా వెలవని పొడిని నేనైతే నమ్మను.

సమయం అయిపోతోందంటున్నారు. నూనె, నెయ్యి లెక్కతో తేలిపోతాయి. గానుగలో కిలో పప్పునూనె రావాలంటే సుమారు రెండుంబావు నుంచి రెండున్నర కిలోల నువ్వులు పడతాయి. బజారులో నువ్వుల ధర తెలుసుకుని గుణించండి. తెలకపిండి అమ్మగా వచ్చేది తీసేసినా, నూనె అంతకన్నా బాగా చవకగా దొరికితే అందులో ఇంకేదో ఉంది. నెయ్యీ అంతే. 7 శాతం వెన్న ఉన్న గేదె పాలు దాదాపు 14 లీటర్లు కాస్తే కిలో నెయ్యి. పూసకట్టింది కదా అని మురిసిపోవద్దు, వనస్పతి కూడా పూసకడుతుంది.

ఆవకాయలో నూనె ముక్కల పైకి తేలి ఉండాలి. ముక్కకు టెంక అంటి ఉండాలి, నొక్కితే గట్టిగా తగలాలి. సంక్రాంతి రోజుల్లో "నిన్ననే కలిపాం" అంటే, ఆ ముక్క సాధారణంగా వేసవి నుంచి ఉప్పునీళ్లలో నిలవున్నదే. అదేం తప్పు కాదు, కానీ దానికి కొత్తావకాయ ధర పెట్టకండి. పచ్చడి నిలవ ఉండడానికి వేసినవి లేబులు మీద అంకెల్లో ఉంటాయి: 211 ఉంటే సోడియం బెంజోయేటు, 260 ఉంటే ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌లోని పులుపు. పచ్చడి ఎర్రగా ఉందని మాత్రం కొనకండి. అదీ కారం కథే.

బెల్లమూ రంగు దగ్గరే చెడింది. మనం బంగారు పసుపు అడుగుతున్నాం, వాళ్లు పాకంలో హైడ్రోసు అనే, రంగు తేల్చే రసాయనం వేస్తున్నారు. గోధుమరంగు అచ్చు అడగండి. మరీ నల్లగా ఉంటే మాడిందేమో చూసుకోండి. చిన్న ముక్క నోట్లో వేసుకుంటే ఉప్పగా తగలకూడదు.

మిఠాయిలు ఆఖరున కొనండి, సంచి అడుగున పడితే నలిగిపోతాయి. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో, బందరు లడ్డుకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరు చూసి సరిపెట్టుకోకుండా వాసన చూడండి. నెయ్యి ముక్కిపోతే ముక్కుకే ముందు తెలుస్తుంది.

వేదిక కింద, ఎడమవైపు బల్ల మీద 20 గాజుగ్లాసుల్లో నీళ్లు పోసి పెట్టించాను. ఇప్పటికే కారం కొన్నవాళ్లు పొట్లాలు తీసుకుని రండి. అమ్మే అక్కలూ రండి, మీ పొడి మీరే చల్లి చూపించండి.