పక్కవాడి స్క్రీన్ చూస్తే చీటింగా? నన్నడిగితే అదే అసలు ఆట!

పోయిన వీడియోలో ఒక్క మాటన్నాను. ఒకే టీవీ తెరను రెండుగా చీల్చి ఇద్దరు ఆడే స్ప్లిట్ స్క్రీన్ వీడియోగేముల్లో పక్కవాడి సగంలోకి తొంగిచూడటం చీటింగ్ కాదని. అంతే, ఉతికి ఆరేశారు! 1997లో జేమ్స్ బాండ్ తుపాకీ గేమ్ గోల్డెన్‌ఐ వచ్చినప్పటి నుంచీ ఇదే గొడవ. సరే, ఇవాళ సాక్ష్యం పట్టుకొచ్చాను.

స్పై వర్సెస్ స్పై అనే వీడియోగేమ్. 1984, తయారీ ఫస్ట్ స్టార్ సాఫ్ట్‌వేర్. అమెరికా హాస్య పత్రిక మ్యాడ్ కార్టూన్లో సూదిముక్కు గూఢచారులు, ఒకడు నలుపు, ఒకడు తెలుపు, తెలుసుగా? వాళ్లే. స్క్రీన్ పైసగం ఒకడిది, కిందిసగం ఇంకొకడిది. ఎంబసీ గదుల్లో పాస్‌పోర్ట్, డబ్బు, తాళంచెవి, రహస్య పత్రాలు వెతికి, బ్రీఫ్‌కేసులో వేసుకుని ఎయిర్‌పోర్ట్‌కి ఉడాయించాలి. ఈలోగా ఒకడికొకడు ఉచ్చులు. అవి పెట్టేది కూడా అవతలివాడి కళ్లముందే! మరి ఎక్కడుందయ్యా చీటింగ్?

మొన్న మా తమ్ముడితో కూర్చున్నా. వాడు కింద సొరుగులో బాంబు పెడుతుంటే పైనుంచి చూసేశాను. బాంబుకి విరుగుడు నీళ్ల బకెట్. అదే తలుపు మీద కరెంటు పెట్టిన బకెట్ అయితే గొడుగు కావాలి. హాయిగా బకెట్ పట్టుకుని బయల్దేరాను. కానీ వాడి సగం చూస్తూ చూస్తూ నా సగంలో నేనేం చేశానో మర్చిపోయాను. నేనే స్ప్రింగ్ పెట్టిన బీరువా నేనే తెరిచాను. ఇందులో మన ఉచ్చు మనల్నీ వదలదు! నా గూఢచారి దేవదూతై పైకి తేలిపోతుంటే మావాడు సోఫా మీంచి పడీపడీ నవ్వాడు. చూశారా, తొంగిచూస్తే ఖరీదు కట్టాల్సిందే.

ఇక నా థియరీ. ఈ కార్టూన్ గీసిన ఆంటోనియో ప్రోహియాస్ క్యూబావాడు. అక్కడి నేత కాస్ట్రో మీద బొమ్మలేస్తే సీఐఏ గూఢచారి అని ముద్రేశారు. 1960లో న్యూయార్క్ పారిపోయాడు, 1961లో ఈ స్పైలను మ్యాడ్‌లోకి ఎక్కించాడు. తన పేరు కూడా చుక్కలు, గీతల మోర్స్ కోడ్‌లో రాసేవాడు, ఎంత పొగరు! అలాంటి మనిషి బొమ్మలతో ఆట చేస్తే తొంగిచూడకుండా ఎలా ఆడతారండీ? గూఢచారి పనే అది!

టీవీకి అట్టముక్క అడ్డం కట్టి ఆడే పెద్దమనుషులూ, రండి, మా సోఫాలో చోటుంది. 1985లో వచ్చిన రెండో భాగం ఐలాండ్ కేపర్ పెట్టుకుందాం. అట్టముక్క మాత్రం బయటే వదిలేయండి.